మిగిలిన ఒక్క టీసీ ఫారం

మార్కాపురం కాలేజీలో నా కూతురిని చేర్చడానికి ఆ రోజే ఆఖరు. కొనకనమిట్ల దగ్గరి మా బడిలో చూస్తే అచ్చు వేసిన టీసీ ఫారం ఒక్కటే మిగిలింది. క్లర్కు అక్క ముందుగా తెల్ల కాగితం మీద ప్రింటు తీసి చూస్తే, పిల్ల పేరును కంప్యూటరు గడి దాటించి కింది గీత మీద వేస్తోంది.

"ఏందక్కా, నేరుగా ఫారం మీదనే కొట్టేయరాదా?" అన్నాను.

"గమ్మునుండు తమ్ముడూ. ఇది చెడితే నీ బిడ్డ గూడా నీ మాదిరే బడి మానేసి కూచుంటాది," అంది క్లర్కు అక్క.

ఆమె రెండు కాగితాలనూ కలిపి కిటికీ వెలుతురుకు పట్టి, పేరు ఎంత జారిందో స్కేలుతో కొలిచింది. సాఫ్ట్‌వేర్‌లో కాగితం సైజు మార్చింది. మళ్ళీ తీసింది, మళ్ళీ కిటికీకి పట్టింది. నాలుగోసారికి గానీ అసలు ఫారాన్ని ప్రింటరులో పెట్టలేదు.

పేరు గడిలో కూర్చుంది. బడిలో ఉన్నన్నాళ్ళూ నేను బెంచీ మీద ఒక్కరోజు కూడా అంత కుదురుగా కూర్చోలేదు.