మైకు మామ ఇంటి గొంతు

మైకు మామకి ఆ పేరు పెట్టింది బస్సు డ్రైవర్లు. బస్టాండులో ఒక మూల, అగ్గిపెట్టెంత గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పడం ఆయన ఉద్యోగం. అందులో ఏముంది గొప్ప అనేవాళ్ళు ఆయన గొంతు విననివాళ్ళే. బస్సు ఇంకా బయల్దేరనే లేదని ఆయన చెప్పినా, జనం కోపం మరిచిపోయి, "ఎంత చక్కగా చెప్పాడయ్యా" అనుకుంటూ మళ్ళీ బెంచీ మీద కూలబడేవారు.

ఆ గొంతు ఊరికే రాలేదు. ముందు పెద్ద గ్లాసుడు నీళ్ళు గటగటా తాగేవాడు. తర్వాత అరచెయ్యి పైకెత్తేవాడు. ఆగండి, ఇంకా మైకు వెయ్యలేదు అని దానర్థం. గదిలో ఒక్కడే ఉన్నా ఎత్తేవాడు. ఆపైన పక్కకి తిరిగి గొంతు సవరించుకుని, తనకి తానే తలాడించి, అప్పుడు బటన్ నొక్కేవాడు. సవరించని గొంతు ఊరికి వినిపించడమంటే ఆయన దృష్టిలో చొక్కా బొత్తాలు పెట్టుకోకుండా ఆఫీసుకెళ్ళడమే. ఆ సవరించని గొంతు ఇంట్లో భార్య ఒక్కతికే దక్కింది. "ఊరికేమో తేనె, నాకేమో గరగర" అని కుట్టుమిషను తొక్కుతూ ఆవిడ దెప్పిపొడిచేది.

అలాంటి గొంతుకి క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్ ఇచ్చారు, గడ్డ కరిగిపోయింది, మాటా మిగిలింది. కానీ గొంతు మింగడం మరిచిపోయింది. కడుపులోకి పోవాల్సిన నీళ్ళు కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి జారడం మొదలుపెట్టాయి. మనకైతే పొలమారి, దగ్గు తన్నుకొచ్చి, దారి తప్పిన నీళ్ళని బయటికి తోసేస్తుంది. మామకి ఆ దగ్గే రావడం లేదు.

"దగ్గంటే మీ గొంతుకి కాపలావాడు అంకుల్. మీవాడు నిద్రపోతున్నాడు" అంది ఆస్పత్రిలో మళ్ళీ మింగడం నేర్పే థెరపిస్టు అమ్మాయి.

దాంతో, పల్చనివైతే దారి తప్పుతాయని, నీళ్ళయినా టీ అయినా ఏదో పొడి కలిపి, చిక్కబరిచి, చెంచాతో తీసుకోవాల్సి వచ్చింది. నీళ్ళు తినే బతుకూ ఒక బతుకేనా అని మామ మొహం మాడ్చుకునేవాడు. పనిలేక అరలో కూర్చున్న పెద్ద గ్లాసులో భార్య బొత్తాలు పోసుకుంది. అవి చూసినప్పుడల్లా మామకి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. "ఇవీ పల్చగానే ఉన్నాయి, మింగకూడదు కాబోలు" అని తనే నవ్వేవాడు.

అమ్మాయి ఆయన ఫోనులో ఒక యాప్ పెట్టింది. రోజూ పొద్దున్నే బటన్ నొక్కి 'ఆ' అని సాగదీసి పలకాలి. ఒక్క చెంచాడు మామూలు నీళ్ళు మింగి, వెంటనే మళ్ళీ నొక్కి 'ఆ' అనాలి, ఆ తర్వాత దగ్గాలి. లోపల నీళ్ళు నిలిచిపోతే రెండో 'ఆ' తడితడిగా, బుడగలు పొంగినట్టు వస్తుంది. ఆ తేడా పట్టుకుని యాప్ ఎర్రగీత వేస్తుంది, బాగుంటే పచ్చగీత. ఆ శబ్దాలు ఆస్పత్రిలో అమ్మాయి కూడా వింటుంది. కొన్నాళ్ళు వరసగా పచ్చగీతలొస్తే గ్లాసుతో నీళ్ళు తాగనిస్తానని మాటిచ్చింది.

రికార్డింగ్ అన్న మాట చెవిన పడగానే మామకి ప్రాణం లేచొచ్చింది. తలుపు మూయించి, ఫ్యాను ఆపి, భార్య మిషను కూడా ఆపించి, ఫోనుని నోటికి జానెడు దూరంలో నిలబెట్టుకునేవాడు.

"మీరు పంపేది దగ్గు. నాటకం కాదు" అనేది భార్య.

"నీకు తెలీదులేవే. పంపేదేదో శుభ్రంగా పంపాలి."

శుభ్రంగానే పంపాడు. రోజూ పచ్చగీతే. కాకపోతే సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, మనిషి నీరసించిపోయేవాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి అడుగున మచ్చ కనబడింది. గొంతు ఇంత బాగుంటే ఛాతీ ఎందుకు పాడవుతోందో అమ్మాయికి అంతుపట్టలేదు. మామ మాత్రం జ్వరాన్నీ పట్టించుకోలేదు, మచ్చనీ పట్టించుకోలేదు. ఆస్పత్రికెళ్ళి పచ్చగీతలన్నీ చూపించి, "మరి నా గ్లాసు?" అన్నాడు.

"సరే, నా ఎదురుగా ఒకసారి చెయ్యండి. నేను నొక్కుతాను" అంటూ అమ్మాయి ఫోను అందుకుంది.

మొదటి 'ఆ' అయింది. మామ చెంచాడు నీళ్ళు మింగాడు. అరచెయ్యి పైకెత్తాడు. పక్కకి తిరిగి, తీరిగ్గా గొంతు సవరించుకుని, తలాడించాడు. "ఊఁ, ఇప్పుడు నొక్కమ్మా."

అమ్మాయి నొక్కలేదు. "ఆ చెయ్యేంటి అంకుల్?"

"ఇంకా మైకు వెయ్యలేదని."

"ఇంట్లో కూడా ఇలాగేనా?"

"ఎక్కడైనా ఇంతేనమ్మా. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగిన రోజు కూడా ముందు చెయ్యెత్తారు" అని పక్కనే ఉన్న భార్య అందుకుంది.

అమ్మాయి నవ్వలేక బల్ల మీదికి వంగిపోయింది. ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది. "మీరు సవరించి పారేస్తున్నారే, ఆ తడి చప్పుడే అంకుల్ నాక్కావాల్సింది. ఇంకోసారి మింగండి. ఈసారి చెయ్యెత్తొద్దు."

అలవాటైన చెయ్యి మాట వినదని భార్యకి తెలుసు. దాన్ని తన రెండు చేతుల్లో బిగించి పట్టుకుంది. మామ మింగి, 'ఆ' అన్నాడు. మూతపెట్టిన గిన్నెలో నీళ్ళు కుతకుతలాడినట్టు వచ్చింది. దగ్గమంటే ఉత్త గాలి వచ్చింది. తెర మీద గీత ఎర్రబడింది.

"ఇన్నాళ్ళూ ఈ నీళ్ళే మీ ఛాతీలోకి దిగుతున్నాయి. ఆ పచ్చగీతలు నమ్మి గ్లాసు ఇచ్చుంటే నేనే మిమ్మల్ని న్యుమోనియాతో మంచం ఎక్కించేదాన్ని" అంది అమ్మాయి. గ్లాసు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక మామ ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టేశాడు. "ఆ గొంతు ఇంకొకళ్ళు వినాలంటే సిగ్గుగా ఉందే" అన్నాడు. సిగ్గొక్కటే కాదు. అదే తన గొంతుగా మిగిలిపోతుందేమోనని ఆయనకి భయం పట్టుకుంది.

"మీ గరగర వింటూనే ఇన్నేళ్ళు కాపురం చేశాను. నాకేమైంది?" అంది భార్య. ఆవిడకీ భయంగానే ఉంది. అందుకే మిషను గట్టిగా తొక్కింది.

మర్నాటి నుంచి బటన్ ఆవిడ చేతికి పోయింది. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మామ చెయ్యి. గడ్డం కిందికి దించి మింగడం నేర్పింది అమ్మాయి. దగ్గుకి బలం రావాలని బిగువైన గొట్టంలో ఊదించింది. గీతలన్నీ ఎర్రగా ఉన్న రోజుల్లో కూడా ఫోను చేసి, "ఇదీ అసలు రికార్డింగంటే" అని మెచ్చుకునేది. మామకి ఒళ్ళు మండేది. అయినా ఊదేవాడు. మెల్లమెల్లగా జ్వరం తగ్గింది, పచ్చగీతలు తొంగిచూశాయి. ఈసారివి కష్టపడి తెచ్చుకున్నవి. కాపలావాడు మాత్రం లేవలేదు.

ఒక పొద్దున మామ నీళ్ళు మింగుతూ గడ్డం దించడం మరిచిపోయాడు. 'ఆ' అనబోయేంతలో పొలమారింది. దగ్గొచ్చింది. కిటికీ అవతల నడిచిపోతున్నవాళ్ళు ఆగి చూసేంత దగ్గు. మొహం కందిపోయింది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. అంతలోనూ ఆ చెయ్యి విడిపించుకుని పైకి లేచింది.

"చెయ్యి దించండి! దగ్గండి, బాగా దగ్గండి!" అంటూ భార్య ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది. మొగుడు ఉక్కిరిబిక్కిరవుతుంటే ఆవిడ ఏడుస్తూ నవ్వుతోంది. దగ్గు సద్దుమణిగాక అడిగింది, "మీరు బాలేదంటారేమో. మళ్ళీ తీద్దామా?"

మామ కళ్ళు తుడుచుకున్నాడు. మాట ఇంకా గరగరలాడుతోంది. సవరించుకోలేదు.

"వద్దు. ఇదే పంపు."

కాసేపటికి అమ్మాయి ఫోను చేసింది. "లేచాడు అంకుల్ మీవాడు! రేపు వచ్చేటప్పుడు మీ గ్లాసు తెచ్చుకోండి. నా ఎదురుగా, గడ్డం దించి, గుక్క గుక్కగా మొదలుపెడదాం."

మామ ఈ మాట చెబుదామని వెనక్కి తిరిగాడు. భార్య అప్పటికే బొత్తాలన్నీ మిషను మీద ఒంపేసి, గ్లాసు కడుగుతోంది.