బల్లేల వరస

వాచీలు బాగుచేసే ఆయన రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, వేలెడంత సీసపు సైనికుణ్ణొకణ్ణి పట్టకారుతో ఎత్తి కిటికీ గట్టు మీద నిలబెట్టేవాడు. బొమ్మ తూలకుండా నిలబడితే చెయ్యి ఇంకా తన మాట వింటున్నట్టే. ఆ ధైర్యంతోనే దుకాణం తెరిచేవాడు. కొన్నాళ్లుగా అది రెండుమూడు సార్లకి గాని నిలబడటం లేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఆదివారాలు భోజనాల బల్ల మీద బావమరిదితో బొమ్మల యుద్ధం. తుపాకులూ బల్లేలూ కలిసి నడిచిన పాతకాలపు యుద్ధం అది. తుపాకీవాళ్లు మందు దట్టించుకునేదాకా బల్లేలవాళ్లు శత్రువు గుర్రాల్ని ఆపాలి. "కదలవేం బావా, నా గుర్రాలు ముసలివైపోతున్నాయి!" అని ఈ ఆదివారం బావమరిది ఎగతాళి చేశాడు. ఆయన బల్లేల వరసని జరపబోయాడు. చెయ్యి వణికి వరసంతా కూలిపోయింది. "అయ్యయ్యో, నా మోకాలు తగిలింది బావా," అంటూ బావమరిది చప్పున లేచొచ్చి ఒక్కొక్క బొమ్మనే నిలబెట్టాడు. అతని కుర్చీ బల్లకి బారెడు దూరంలో ఉంది. ఆయన ఆ కుర్చీవంక చూశాడు. వంటింట్లోంచి భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఒరే, ఒక్క సాయం చేసిపెట్టు," అన్నాడు మెల్లగా. "మీ అక్కకి నువ్వే చెప్పు. నాకు నోరు రావడం లేదు."