ఆడవాళ్ళ వైపు తిరిగిన మెడ

మా తెలుగు చర్చిలో మగవాళ్ళు కుడి వైపు, ఆడవాళ్ళు ఎడమ వైపు కూర్చుంటారు. మా తాతలు ఓడెక్కి ఈ దీవులకు వచ్చినప్పుడు ఆ అలవాటును కూడా మూటగట్టుకుని వచ్చారు. దానివల్ల నాకెప్పుడూ ఇబ్బంది కలగలేదు, నా మెడ ఎడమకు తిరగడం మొదలుపెట్టేదాకా.

నేను పాస్టరు గారి వైపే చూస్తుంటాను. మెడ మాత్రం తన మానాన తాను ఎడమకు పోతుంది. వెనక్కి తెచ్చుకుంటే పాటలో రెండో చరణం అందుకునేలోగా మళ్ళీ అక్కడే. హాడో రేవులో ఓడల ఆఫీసు గుమాస్తాను నేను. కిటికీ అవతల జనం "భయ్యా, ఇధర్ దేఖో!" అని అరిచేవారు. గోడమీద క్యాలెండరుకు జవాబులు చెప్పే గుమాస్తా ఎవరికి కావాలి? గడ్డం మీద వేలు ఆనిస్తే మెడ నిలుస్తుందని కనిపెట్టి, ఆ వేలితోనే నెలలు నెట్టుకొచ్చాను. ఇంట్లో చెప్పలేదు. రోగం దాచుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

మా ఆవిడ ఎడమ వైపు మూడో బెంచీలో కూర్చుంటుంది. ఒక ఆదివారం ఇంటికొచ్చాక, "ప్రార్థనలో కూడా నన్నే చూడాలేటండీ? అందరూ చూస్తున్నారు" అంది, సిగ్గుపడుతూ. పాతికేళ్ళ కాపురంలో ఆ సిగ్గు ఎప్పుడు మాయమైందో నాకు గుర్తులేదు. నిజం చెప్పే ధైర్యం లేక నవ్వి ఊరుకున్నాను. అప్పటినుంచి ప్రతి శనివారం సాయంత్రం తను మంచి చీర తీసి ఇస్త్రీ చేసుకునేది.

కొన్నాళ్ళకు సంఘ పెద్ద మా ఇంటికి వచ్చాడు. అబర్డీన్ బజారులో బట్టల కొట్టు ఆయనది. టీ కూడా ముట్టకుండా, "బ్రదర్, మందిరంలో ఆడోళ్ళని చూడ్డం ఏటి? శరమ్ లేదా?" అన్నాడు.

"నన్నే చూస్తున్నారు. సొంత పెళ్ళాన్ని చూసుకుంటే మీకేటి పరేషానీ?" అని మా ఆవిడ నా తరఫున విరుచుకుపడింది.

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. పరువు దక్కించుకునే తొందరలో, "నేనేం చూడట్లేదండీ! మెడ దానంతటదే తిరుగుతోంది" అనేసి, వేలు పెట్టి, తీసి చూపించాను.

"వేలితో ఆగేది బీమారీ ఏటి? నాటక్!" అని ఆయన వెళ్ళిపోయాడు.

మా ఆవిడ నా వైపు తిరిగింది. "మొన్న ఆదివారం నేనేం చీర కట్టానో చెప్పండి" అంది. నాకు తెలియదు. తను టీ కప్పులు తీసుకుని లోపలికి పోయింది. మెడకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఆ వారం నుంచి ఇస్త్రీపెట్టె బయటికి రాలేదు. వైద్యం మాత్రం మొదలైంది. మెడ పట్టేస్తే తలగడ ఎండలో వెయ్యాలట. అది చెప్పిన మహానుభావుడు మా వానలు చూసి ఉండడు. పది రోజులు వరండాలో ఎండ కోసం ఎదురుచూసి తలగడకు బూజు పట్టింది. పక్కింటి చేపలవేట ఆయన ఎదురుకాళ్ళతో పుట్టాడు. అలాంటివాళ్ళు తొక్కితే పట్టు వదులుతుందంటారు. మెడ తొక్కడం కుదరదు గనక నడుం తొక్కాడు. మెడ అలాగే ఉంది, నడుం నొప్పి కొత్తగా చేరింది.

చివరికి మద్రాసు నుంచి వచ్చిన నరాల డాక్టరు ముందు కూర్చున్నాను. ఆయన నా గడ్డం మీది వేలు చూడగానే, "ఉంగలీ హటాఇయే" అన్నాడు. తీశాను. మెడ ఎడమకు పోయింది. పెట్టమన్నాడు. నిలిచింది. ఆయన ముఖం వెలిగిపోయింది. సంఘ పెద్ద నాటకమన్న ఆ వేలే అసలు రుజువట. దీన్ని సర్వైకల్ డిస్టోనియా అంటారనీ, అరుదైనదనీ, మెడలో లోపమేమీ లేదనీ, మెదడే కండరాలకు తప్పుడు ఆర్డర్లు వేస్తోందనీ చెప్పాడు.

మా ఆవిడ అంతా విని, ఇందులో నేను కావాలని చేసిందేమీ లేదా అన్నట్టు, "డాక్టర్ సాబ్, ఇందులో ఇన్‌కీ మర్జీ కుఛ్ నహీ?" అని అడిగింది.

"బిల్కుల్ నహీ."

"ఏక్ బార్ భీ నహీ?" ఒక్కసారి కూడా లేదా అని.

డాక్టరుకు ప్రశ్న అర్థం కాలేదు. నాకు అయింది.

మద్రాసు వెళ్ళి మెడ కండరాల్లో ఇంజక్షన్లు వేయించుకున్నాను. సినిమావాళ్ళు ముడతలకు పొడిపించుకునే మందేనట. రోగం పోదు, మూడు నెలలకోసారి మళ్ళీ పొడవాలి. రెండు వారాలకు మెడ మాట వినడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం చర్చిలో గుంజలా నిటారుగా కూర్చున్నాను. సంఘ పెద్ద మెచ్చుకోలుగా తల ఊపాడు. మా ఆవిడ నలిగిన నేత చీరలో వచ్చింది. రెండో చరణం మొదలవగానే, మందుకు బలహీనపడ్డ మెడను బలవంతాన ఎడమకు తిప్పాను. తిప్పి, పాట అయ్యేదాకా అక్కడే ఉంచాను.

బయట సంఘ పెద్ద పట్టుకున్నాడు. "ఇంజక్షన్ ఫెయిలా బ్రదర్?"

"లేదండీ, బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నాను.

పక్కనే నడుస్తున్న మా ఆవిడ కొంత దూరం పోయాక అడిగింది. "అయితే చెప్పండి, పాటలో నేనేం చేస్తున్నాను?"

"పక్కావిడ కునుకుతుంటే మోచేత్తో పొడుస్తున్నావు. రెండుసార్లు."

తను నవ్వు ఆపుకుంటూ మొహం పక్కకు తిప్పుకుంది. శనివారం సాయంత్రం ఇస్త్రీపెట్టె బయటికి వచ్చింది.