ఏ నీళ్ళవి ఆ నీళ్ళకే

కోపం మానుకోమని చెప్పే కొండను కోపం లేనివాళ్ళు కాపాడగలరా? ఈ ప్రశ్నకు నాకింకా జవాబు దొరకలేదు. ఆ జైనుల కొండ కింద యాత్రికుల వసతిగృహంలో పుస్తకాల గది చూసుకుంటూ ఇరవై ఆరేళ్ళు గడిపాను. కోపం, గర్వం, కపటం, లోభం అని మనిషి వదులుకోవలసిన నాలుగింటిలో కోపాన్నే మొదట చెప్పే గ్రంథాలు నా వెనక బీరువా నిండా ఉండేవి. వాటిని దులిపేవాణ్ణి, చదివేవాణ్ణి, అడిగినవాళ్ళకు విప్పి చెప్పేవాణ్ణి. ఆ కొండ చెప్పినట్టు నడుచుకున్న మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆమెకున్నంత కోపం ఇంకెవరిలోనూ చూడలేదు.

అందరూ ఆమెను నీళ్ళక్క అనేవాళ్ళు, ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా. ఆమె జైనుల ఇంట పుట్టలేదు. అత్తగారు చేసిన పని కోడలికి వచ్చింది, అంతే. కొండ నడుమ రాతిలో తొలిచిన దొన ఒకటి ఉంది. వానలకు నిండితే ఏడాది పొడుగునా నీళ్ళుంటాయి. ఎక్కివచ్చిన యాత్రికులకు ఆ నీళ్ళు తోడి, వడకట్టి పోయడం ఆమె పని.

వడకట్టడమంటే మనం టీ వడకట్టినట్టు కాదు. మందపాటి నూలుగుడ్డ రెండు మడతలు వేసి, బిందె మూతి మీద కాస్త గుంట పడేలా పరిచి, నీళ్ళు సన్నధారగా పోసేది. అసలు పని ఆ తర్వాత. గుడ్డను తిరగేసి, దాని మీద వడకట్టిన నీళ్ళే పోసి, ఆ కడుగును ఒక చిన్న చెంబులోకి పట్టేది. ఆ చెంబు అడుగున కొక్కెం, కొక్కేనికి ఇంకో తాడు. చెంబును నెమ్మదిగా దొనలోకి దింపి, నీటిని తాకాక రెండో తాడు లాగితే అక్కడ ఒరిగేది. పైనుంచి కుమ్మరించకూడదు, ఆ దెబ్బకు చస్తాయి. ఇంకో నీళ్ళలో కలపకూడదు, పరాయి నీళ్ళు పడవు. "ఏ నీళ్ళవి ఆ నీళ్ళకే" అనేది. గుడ్డలో మిగిలిన, మన కంటికి ఆనని ప్రాణుల సంగతి అది.

ఒకసారి పట్టుచీర కట్టుకున్న ఒకావిడ వంగి చూసి, "అందులో ఏమీ కనబడట్లేదే" అంది.

"కనబడనిదల్లా లేనట్టేనా తల్లీ? మీ ఆయన బుర్ర నాకు కనబడుతోందా? ఉందనుకునేగా మాట్లాడుతున్నాను."

పక్కనే ఉన్న ఆ భర్తే ముందు నవ్వాడు. దొన గట్టున పుక్కిలించబోయిన ఇంకొకాయనకు, "నోరు కడిగితే ఏం లాభం బాబూ, లోపలి మాటలు అలాగే ఉంటాయిగా" అని దారి చూపించింది. ఆమె మీద ఫిర్యాదులు నా దగ్గరికే వచ్చేవి. నేను తల ఊపేవాణ్ణి.

ఆ కొండ చరిత్ర అడిగినవాళ్ళకు నేను రాజుల పేర్లతో మొదలుపెట్టేవాణ్ణి. అది తప్పని ఆమెవల్లే తెలిసింది. దొన పక్కన గుహలో ఏడు రాతి పడకలున్నాయి. తల పెట్టుకునే చోట రాయిని దిండులా ఎత్తుగా వదిలారు. వాటి మీద రెండు వరుసల శాసనం, ఒక ఉప్పు వర్తకుడి కూతురు సాధువుల కోసం ఈ పడకలు తొలిపించిందని. వానాకాలంలో నేలంతా ప్రాణులు పుడతాయి, నడిస్తే కాలికింద పడి చస్తాయి. అందుకని సాధువులు ఆ నాలుగు నెలలూ ఒక్కచోటే ఉండాలి. ఉండాలంటే నీళ్ళు కావాలి. "ఈ దొన మీద ఉలి దెబ్బలు చూడు, ఆ పడకల మీద దెబ్బలు చూడు. ఇవే పాతవి. ముందు నీళ్ళు, తర్వాత పడక, ఆ తర్వాతే దేవుడు" అని ఆమె వేలితో తడిమి చూపించింది. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ మాట ఒక్క పుస్తకంలోనూ దొరకలేదు.

దేవుడంటే పై గోడ మీద నిలబడి ఉన్న తీర్థంకరుడు. జీవుణ్ణి అవతలి ఒడ్డు చేర్చే రేవు కట్టినవాడని అర్థం. చేతులు ఒంటికి తగలకుండా కిందికి జారవిడిచి, కళ్ళు సగం మూసి ఉంటాడు. ఒక కాలంలో ఎవరో ఆయన ముక్కు చెక్కేశారు, ఇంకో కాలంలో ఎవరో కోట కోసం గుహ ముందు మండపాన్ని విప్పుకుపోయారు, చాలాకాలం గుహలో గొర్రెలు పడుకున్నాయి. శిఖరాన రాతిలో ఒక జత పాదాలున్నాయి. అన్నం, ఆ తర్వాత నీళ్ళు కూడా వదిలి, అక్కడే దేహం విడిచిన ఒక సాధువువి. ఆ పాదాల పక్కన ఇంకో చిన్న దొన. ఇన్ని జరిగినా ఆ కొండ మీద నీళ్ళు పాడుచేసినవాళ్ళు లేరు. ఆ ఘనత మా కాలానికే దక్కింది.

కొండ బాగోగులు చూసే సంఘానికి అప్పటి అధ్యక్షుడు సిమెంటు వ్యాపారి. ఆ మతంలోనే పుట్టినవాడు, మెత్తగా మాట్లాడేవాడు. ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి కూర్చున్నాడు.

"మాష్టారూ, దొన దగ్గరికి ఒక బోర్డు రాసివ్వండి. ఈ చోటు గొప్పతనం నాలుగు ముక్కల్లో తెలియాలి. ఎల్లుండి పెద్దవాళ్ళు వస్తున్నారు." అది చెప్పి, "రేపు దొనలో బ్లీచింగ్ పౌడరు వేయిస్తున్నాను. వచ్చినవాళ్ళకి కడుపు పాడైతే మన పరువు పోతుంది" అన్నాడు.

"దొనలోనా? ఆమె వడకట్టే ఇస్తోందిగా."

"వడకట్టింది మళ్ళీ అందులోనే పోస్తుందట కదండీ. అసలు గొడవంతా అక్కడే ఉంది."

ఆయన హాస్యమాడుతున్నాడనుకున్నాను. "అది మీ వాళ్ళు పెట్టిన పద్ధతే" అన్నాను.

"మా నాయనమ్మా చేసేది. పాపం, వాళ్ళకి ఫిల్టర్లు లేవుగా."

ఈగను కూడా కొట్టని ఇంట పుట్టినవాడు, శుభ్రత పేరుతో ఒక దొనెడు ప్రాణాలను చంపబోతూ, అహింస మీద బోర్డు అడుగుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేశానూ అంటే, బోర్డు రాసిచ్చాను. మంచి వాక్యం కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

నీళ్ళక్క రోజూ నా గది గుమ్మం పక్కనే చెప్పులు విడిచి కొండెక్కేది. దిగివచ్చాక తొడుక్కుని, "వస్తా అన్నయ్యా" అనేది. ఆ సాయంత్రం కూడా అంది. నేను నోరు తెరిచాను. "రేపు ఎండ బాగా ఉంటుందేమో" అన్నాను. "ఉంటే ఉంటుంది, మనల్ని అడిగి కాస్తుందా?" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఇద్దరు కూలీలు మూట మోసుకుని ఎక్కారు. వెనకే బోర్డు పట్టుకుని పెయింటరు. గంట తర్వాత పెయింటరు దిగివచ్చి, "పైన గొడవగా ఉందండీ" అన్నాడు. ఆమెకు చదువు రాదు. బోర్డు చదవమని అడిగిందట. 'ఈ కొండపై నీటిబొట్టులోని జీవికి సైతం హాని తలపెట్టరు' అని ఇతను చదివాడు. మళ్ళీ చదవమంది. మూడోసారీ చదివించి, "రాసిందెవరు?" అని అడిగిందట.

"పుస్తకాలాయన అన్నానండీ. తప్పా?"

నేను ఎక్కేసరికి ఆమె కూలీల దగ్గర మధ్యాహ్నందాకా గడువు తీసుకుంది. తోడుతోంది, వడకడుతోంది, గుడ్డ తిరగేసి చెంబులోకి పడుతోంది. ఆ చెంబును మాత్రం దొనలోకి దింపడం లేదు. పట్టుకుని తొంభై మెట్లెక్కి, శిఖరం దగ్గరి చిన్న దొనలో వదిలివస్తోంది. వచ్చి మళ్ళీ తోడుతోంది. కూలీలు బీడీ కూడా వెలిగించకుండా చూస్తున్నారు.

"నీకు తెలుసా?" అంది నావైపు చూడకుండానే.

"నిన్న తెలిసింది."

"నిన్న ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

"సాయంత్రం ఎండ గురించి మాట్లాడావు."

అక్కడితో ఊరుకోవలసింది. "ఏ నీళ్ళవి ఆ నీళ్ళకే అనేదానివి కదా" అన్నాను.

ఆమె ఆగింది. "ఇల్లు తగలబడుతుంటే పిల్లల్ని పక్కింట్లో పడెయ్యనా, పక్కింటి కూర వాళ్ళకి పడుతుందా అని ఆలోచిస్తూ కూర్చోనా?"

"బతుకుతాయంటావా?"

"నాకేం తెలుసు? వీటికి ఆ నీళ్ళు పడకపోతే ఇవి చస్తాయి, వీటివల్ల అక్కడివి చస్తే అదీ నా ఖాతాలోనే. ముప్ఫై ఏళ్ళు చెయ్యని పని ఇవాళ నా చేత చేయించారు. అదీ నా కడుపుమంట."

చెంబు నేను పట్టుకుంటానన్నాను. "నువ్వు బోర్డు పట్టుకో, తిన్నగా లేదు" అంది.

మధ్యాహ్నానికి అధ్యక్షుడు వచ్చాడు. దొన పావువంతు కూడా తగ్గలేదు. ఆయన రెండు చేతులూ జోడించాడు. "నీళ్ళక్కా, కోపం పాపమమ్మా. ఈ కొండ మీద అసలు కూడదు."

"అవును బాబూ. మీరెంతో శాంతంగా ఉన్నారు. ఆ పౌడరూ అంతే, చప్పుడు చెయ్యదు."

ఆయన కూలీలకు సైగ చేశాడు. మూట విప్పారు. తెల్లటి పొడి నీటి మీద విచ్చుకుంటూ పోయింది, ఘాటు వాసన గుహలోకి, పడకల మీదికి పాకింది. ఆమె చివరి చెంబు పట్టుకుని నిలబడి అంతా చూసింది. తర్వాత పైకెక్కి, దాన్నీ వదిలి వచ్చింది. గుడ్డ పిండలేదు. తడిగానే భుజాన వేసుకుంది.

చిన్న దొన ఆ ఏడు పచ్చబడింది. అది బతకడమో చావడమో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. బోర్డు ఇప్పటికీ ఉంది. బాగుందని వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుంటారు.

ఆ రోజు నేను ముందుగా దిగి, నా గుమ్మంలో నిలబడ్డాను. చెప్పవలసిన మాట మెట్టు మెట్టుకూ కూర్చుకుని, నోట్లో పెట్టుకుని ఉన్నాను. ఆమె వచ్చింది. భుజం మీది గుడ్డ నుంచి నీళ్ళు కారుతున్నాయి. వంగి చెప్పులు తీసుకుంది. తొడుక్కోలేదు. చేత్తో పట్టుకుని, ఎండకు కాలుతున్న వీధిలోకి వట్టికాళ్ళతో నడిచి వెళ్ళింది. మలుపు దాకా చూశాను. వస్తానని అనలేదు.