బతికున్నవాళ్ళ వరసలో ఒక ఆకు

ఇవాళ పొద్దున బంగాళాదుంపలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు సింకులో వంపేస్తుంటే పైకి లేచిన ఆవిరికి చెయ్యి కాసేపు ఆగింది. కూరలు ఇలా ఉడికించి నీళ్ళు పారబోయవలసిన అవసరం మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ లేదు. చేతికి అలవాటు పోలేదు. తడి మట్టిలా, కొంచెం తీయగా ఉండే ఆ వాసనే నా చిన్నతనం వాసన.

అమ్మ కిడ్నీలు పాడైనప్పుడు నేను రెండో తరగతి. మల్కాపురంలో రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. నాయనమ్మ మాతోనే ఉండేది. గాలి రేవు వైపు నుంచి వీస్తే దండెం మీది బట్టల మీదా, కిటికీ చువ్వల మీదా బొగ్గు పొడి సన్నగా పేరుకునేది. గాలి మళ్ళితే రిఫైనరీ వాసన. ఎండాకాలం తాటిముంజెలు, చలికాలం తేగలు, తగరపువలస నుంచి అమ్మమ్మ పంపే పనసతొనలు, అన్నీ నేనూ నాయనమ్మా వీధి అరుగు మీదే తినేసి, మూతులు తుడుచుకుని లోపలికి వచ్చేవాళ్ళం. అమ్మ అవేవీ తినకూడదు; కూరలైనా వాటిలోని పొటాషియం పోయేలా ఉడికించి, నీళ్ళు వంపేసి పెట్టాలి. నీళ్ళు కూడా రోజంతటికీ ఒక చిన్న సీసాడే. అందుకని ఆమె ఎదురుగా ఎవరం మంచినీళ్ళు తాగేవాళ్ళం కాదు. బడి నుంచి రాగానే నేను పెరట్లో గోలెం వెనక్కి వెళ్ళి, గుటక చప్పుడు వినపడకుండా తాగేదాన్ని.

రోజు విడిచి రోజు డయాలసిస్. నాన్నకు షుగరు, అమ్మమ్మకు బీపీ. కిడ్నీ ఇవ్వడానికి ఇంట్లోవాళ్ళెవరూ పనికిరారన్నారు. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే కిడ్నీ కోసం పేరు రాయించి ఎదురుచూశాం. ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది. పక్కింటావిడ నన్ను కూర్చోబెట్టి అన్నం పెడుతూ, "మీయమ్మకి కిడ్నీ దొరికిందంటమ్మా" అంది. హైవే మీద ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి పోయిన ఒక కుర్రాడిది. పేరు చెప్పరట. మాకు తెలిసింది అంతే.

అమ్మ ఇంటికి వచ్చాక నీళ్ళు బాగా తాగమన్నారు. నడిమింట్లో నిలబడి, చెంబెత్తి, గటగటా చప్పుడయ్యేలా తాగింది. మేం ముగ్గురం చుట్టూ నిలబడి, అదేదో చూడవలసిన వింతలా చూశాం.

మహాలయ అమావాస్యనాడు పెద్దలకు పెట్టుకోవడం మా ఇంటి ఆనవాయితీ. గోడవారన వరసగా ఆకులు వేసి, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వడ్డించి, సాంబ్రాణి పొగ వేసి, వాళ్ళు తినేదాకా తలుపు దగ్గరికి వేసి మేం బయట కూర్చునేవాళ్ళం. ఆ తరవాతే మా వరస, మా ఆకులు. ఆ ఏడు నాయనమ్మ ఇంకో ఆకు తీసింది.

"ఆ కుర్రోడికి కూడా ఎయ్యాల. ఆడు పెట్టిన బతుకు."

"పెద్దల వరసలోన వొద్దత్తా" అంది అమ్మ. "ఆళ్ళమ్మ ఆళ్ళింటికాడ ఏత్తాది. అక్కడ సచ్చిపోనాడు. మనింటికాడ పని సేత్తన్నాడు కదా."

"మరెక్కడ వడ్డించమంతావే?"

"నా పక్కన. ఆడి కూడు కూడా నానే తింతాను."

"ఓలమ్మ! ఇన్నాళ్ళకి ఆకలేసిందని రెండాకులు లాగుదామనుకుంతన్నావేటి?" అంది నాయనమ్మ. నాన్న నవ్వాడు. ఆసుపత్రి మొదలయ్యాక ఆయన నవ్వడం నేనప్పుడే చూశాను.

అప్పటి నుంచి ప్రతి ఏడూ బతికున్నవాళ్ళ వరసలో, నాకూ అమ్మకూ మధ్య, ఒక ఆకు. చేపల పులుసు, గారెలు, పరమాన్నం అన్నీ పడేవి. "ఈడికి ఈపాటికి పెళ్ళి సేసీవలిసింది" అనేది నాయనమ్మ వడ్డిస్తూ. ఎక్కాలు పూర్తిగా రాకముందే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో చెప్పే క్రియాటినిన్ అనే మాట నాకు వచ్చేసింది. రక్తపరీక్ష కాగితం తెచ్చిన రోజున నాన్న చెప్పులు విప్పకముందే మొహం చూసి తెలుసుకునేదాన్ని. అది పెరగనంతకాలం అమ్మ మాది. అమ్మ మాత్రల వేళ తప్పలేదు. నా జడ వేసింది, బడి వార్షికోత్సవానికి వచ్చి ముందు వరసలో కూర్చుంది, బీచిలో నా చెయ్యి పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది.

నేను డిగ్రీలో ఉండగా క్రియాటినిన్ పెరగడం మొదలైంది. అలాంటి కిడ్నీ కొందరికి ఇంకా ఎక్కువకాలం వస్తుంది, కొందరికి ఇంతకూడా రాదు అని చెప్పారు డాక్టరుగారు. మళ్ళీ డయాలసిస్, మళ్ళీ ఉడికించి వంపిన కూరలు.

ఆ ఏడు మహాలయకు నాయనమ్మ చేతిలో ఆకు పట్టుకుని పెద్దల వరసకూ మా వరస వేసే చోటుకూ మధ్య నిలబడిపోయింది. ఎటు వెయ్యాలో ఆమెకూ తెలియలేదు, మాకూ తెలియలేదు.

"ఏటలాగ నిలబడిపోనావత్తా? ఇటెయ్యి" అంది అమ్మ.

"మరాడు..."

"పని మానీసినాడు గానీ ఇల్లు కాళీ సెయ్యలేదు కదా. ఇంకా నాలోనే ఉన్నాడు."

అది నిజమే. పనిచేయని కిడ్నీని డాక్టర్లు తీయలేదు. నాయనమ్మ ఆకు అమ్మ పక్కనే వేసింది. అమ్మ తన ఆకులోదే తినలేకపోయింది. రెండోది నేను తిన్నాను.

తరవాత నాయనమ్మ పోయింది. కిందటి చలికాలం అమ్మ పోయింది. మల్కాపురం ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు; పెరడు లేదు, అరుగు లేదు. నేనూ నాన్నా ఊరికి ఇంకో వైపున ఉంటున్నాం.

అమ్మ పోయాక మొదటి మహాలయ మొన్న వచ్చింది. తాతయ్యకు, నాయనమ్మకు, అమ్మకు ఆకులు వేశాను. ఇంకొకటి చేతిలో మిగిలింది. నాన్న వైపు చూశాను.

"అమ్మతోటే ఎల్లిపోనాడు కదమ్మా" అన్నాడు నాన్న.

అమ్మ ఆకు పక్కన వేశాను. నాన్న వంగి, రెండు ఆకుల అంచులూ తగిలేలా దాన్ని దగ్గరికి జరిపాడు. వడ్డించి, పొగ వేసి, తలుపు దగ్గరికి వేసి మెట్ల మీద కూర్చున్నాం. అమ్మ కోసం అప్పటికే చాలా ఏడ్చాం. ఆ అబ్బాయి కోసం మా ఇంట్లో ఎవరమైనా ఏడవడం అదే మొదటిసారి.