తప్పులు అడిగే టీచరక్క

మా పక్క ఫ్లాట్ లెక్కల టీచరక్క మొన్న ఉదయం చనిపోయింది. గుండె జబ్బు ఉన్నట్టు ఏడాదిగా తెలుసు. ఆ కబురు నాకు ఫోన్ చేసి చెప్పింది ఆమె భర్త. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి, నేను బావగారూ అని పిలుస్తాను. అప్పుడు నేను ఒక ప్రెస్‌మీట్‌లో ఉన్నాను. బయటికి వచ్చి ఫోన్ ఎత్తాను.

"తమ్మీ, మీ అక్క పోయింది," అన్నాడు. "చుట్టాలకు నేను చెప్పుకుంట. బడికి నువ్వు చెప్పు. ఆడ చెప్పుడు నాతోని కాదు."

బడి అంటే లాలాపేట వైపు ఉన్న ఒక సర్కారు హైస్కూలు. ఆమె అక్కడ చాలా ఏళ్లు లెక్కలు చెప్పి కిందటేడు రిటైరైంది. ఆ పోస్టు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. తన తర్వాత ఆ తరగతిలో ఒక మనిషిని నిలబెట్టాలన్నది ఆమె చివరి రోజుల్లో పెట్టుకున్న ఒకే ఒక్క పని. అది జరగలేదు. జరుగుతుందని చెప్పడానికి ఆధారం కూడా నా దగ్గర లేదు.

తార్నాకలో మా వీధిలో ఆమెను పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. కూరగాయల బండి దగ్గరా టీచరక్కే, చర్చిలోనూ టీచరక్కే. మా రెండిళ్లకూ మధ్య ఒక్క గోడ. నేను పనిచేసే పేపరునే ఆమె తెప్పించుకునేది. నా వార్త వచ్చిన రోజు ఎర్ర పెన్నుతో కొన్ని మాటలు కొట్టేసి, ఆ పేజీని మా తలుపు సందులో పెట్టేది.

"'ఘనంగా జరిగింది' అని రాసినవ్. ఎంతమంది వచ్చిన్రో రాయలే. ఘనం అంటే ఎంతనో నాకెట్ల తెల్వాలె తమ్మీ?"

"అది డెస్క్‌లో కలిపారక్కా."

"అయితే మీ డెస్కోళ్లను ఒక్క పూట నా క్లాసుకు తోలు."

ఆ క్లాసును నేను ఒకసారి చూశాను. ఏదో వార్త పని మీద బడికి వెళ్లినప్పుడు, వెనక బెంచీలో కూర్చోనిచ్చింది. పిల్లలకు ఒక లెక్క ఇచ్చింది. వాళ్లు చేయడం అయ్యాక, "తప్పు వచ్చినోళ్లు ఎవరు?" అని అడిగింది. చేతులు లేచాయి. భయంభయంగా కాదు, బస్సు ఆపడానికి ఎత్తినట్టు సూటిగా లేచాయి. జవాబు సరిగ్గా వచ్చిన ఇద్దరు కూడా అలవాటు కొద్దీ ఎత్తితే, "మీతోని నాకు పని లేదు, దించుండ్రి," అంది.

ఒక పిల్లవాణ్ని బోర్డు దగ్గరికి పిలిచి, అతని తప్పు అతని చేతే రాయించింది. "ఇది ఎట్ల వచ్చిందో చెప్పు. సరైనది నాకు తెలుసు, అది చెప్పకు. నువ్వేమనుకున్నవో అది చెప్పు." వాడు చెప్పడం మొదలుపెట్టి, సగంలోనే, "అరే ఆగుండ్రి టీచర్, ఈడ నేనే గడబిడ చేసిన," అని తనంతట తనే చెరిపేసుకున్నాడు. తరగతి నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఇదే తప్పు ఇంకెవరికి వచ్చింది? మంచి తప్పు ఇది, దాచుకోకుండ్రి," అంది.

కరోనాకు బళ్లు మూతపడ్డప్పుడు వంటింట్లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టింది. అలా చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. బీరువా తలుపుకు నల్ల రంగు వేయించింది. ఫోనును పప్పు డబ్బాకు ఆనించేది. రికార్డింగ్ అయ్యేదాకా ఫ్యాను ఆపి కదలకుండా కూర్చోవడం బావగారి వంతు. "కుక్కరు దించుమంటే దించవు, పిల్లలు విజిల్లు లెక్కబెడ్తరు," అని ఆమె కసురుకోవడం గోడ ఇవతలికి వినబడేది. కొన్ని పాఠాల్లో ఆ విజిల్ ఇప్పటికీ ఉంది.

ఒక సాయంత్రం మెట్ల మీద కలిసినప్పుడు అడిగాను, పాఠాలు ఎలా వస్తున్నాయని.

"చెప్పుడు కష్టం కాదు తమ్మీ. తప్పులు గూడ నేనే చెయ్యాల్సి వస్తున్నది. నేను చేస్తే నాకు తెలిసిన తప్పులే వస్తయి. పిల్లలు చేసేటివి నాకేడ వస్తయి?"

బళ్లు తెరిచాక ఆ పాఠాలు పైఅధికారుల దాకా వెళ్లాయి. బాగున్నాయన్నారు, నిజంగానే బాగున్నాయి. వేరే బళ్లకూ పంపారు. తరగతి గోడలకు పెద్ద పెద్ద డిజిటల్ బోర్డులు వచ్చాయి. ఆమె వాటికి వ్యతిరేకం కాదు. ఈ మాట స్పష్టంగా రాయాలి, ఎందుకంటే తర్వాత కొందరు అలా అన్నారు. త్రిభుజాన్ని తెర మీద తిప్పి చూపించడం ఆమెకు ఎంతో నచ్చింది. "నా చెయ్యితోని ఎన్నేండ్లు గీసినా గింత సక్కగ రాలే," అనేది.

మా వీధివాళ్లం చాలామంది పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడకకు పోతాం. ఒక రోజు ఆమె నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, తనలో తను నవ్వుకోవడం మొదలుపెట్టింది. ఏమైందని అడిగాను.

"నిన్న దశాంశాలు కూడుమన్న. 2.40 కి 1.30 కలపాలె. 3.70 వస్తది కద? ఒక పిల్ల 4.10 అని రాసింది. ఎట్ల వచ్చిందే అంటే, 'అరవై అయితే గంట కద టీచర్' అన్నది."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆ అమ్మాయి తండ్రి రైల్వేలో పనిచేస్తాడు. ఇంట్లో డ్యూటీ టైములూ రైళ్ల టైములూ మధ్యలో చుక్క పెట్టే రాస్తారు. ఆ పిల్లకు చుక్క అంటే ఒకవైపు గంటలు, ఇంకోవైపు నిమిషాలు. నలభై నిమిషాలకు ముప్పై కలిస్తే ఒక గంటా పది నిమిషాలు. తన లెక్క ప్రకారం తను చేసింది సరైనదే.

"ఇంట్ల మా ఆయన గూడ గట్లనే రాస్తడు. ఇన్నేండ్లు చూసిన. ఈ తప్పు నా తలకాయల రాలేదు తమ్మీ." కాసేపు నడిచాక నవ్వు ఆగిపోయింది. "నేను పోయినంక నా వీడియో ముంగట కూసోబెడ్తరు. తప్పని తెలుస్తది ఆ పిల్లకు. ఎందుకు తప్పో ఎవరడుగుతరు?"

తర్వాత కొన్నాళ్లకు అదే క్యాంపస్‌లో డిజిటల్ విద్య మీద సదస్సు పెట్టారు. వంటింటి పాఠాల టీచరుగా ఆమెను మాట్లాడమని పిలిచారు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఆ పెద్దల ముందు తన పోస్టు సంగతి అడగాలని నిశ్చయించుకుంది. వెళ్లే ముందు మెట్ల దగ్గర బావగారు ఏడిపించాడు.

"ఆడ గూడ తప్పు వచ్చినోళ్లు చెయ్యెత్తుండ్రి అంటవా ఏంది?"

"అంట. పెద్ద పెద్ద సార్లు ఎత్తుతరా లేదా చూద్దాం."

ఆ సదస్సుకు నేను వార్త రాయడానికే వెళ్లాను. ఆమె కంటే ముందు మాట్లాడినవాళ్లందరూ తెర మీద బొమ్మలు చూపించారు. ఆమె బోర్డు కావాలంది. లేదన్నారు. చివరికి ఒక తెల్ల చార్టు తెచ్చి ఇద్దరు పట్టుకుని నిలబడ్డారు. దాని మీద 2.40, 1.30, కింద 4.10 అని రాసింది. "ఇది మా పిల్ల చేసిన లెక్క. ఎట్ల వచ్చిందో ఎవరన్న చెప్తరా?" అంది.

ముందు వరసలోని ఒక లెక్చరరు, "టైమ్ అనుకుని కలిపింది మేడమ్," అని చెప్పింది. హాలంతా నవ్వు, చప్పట్లు.

"కరెక్టు చెప్పినవమ్మా. నేనడిగిన, నువ్వు ఆలోచించినవ్, చెప్పినవ్. నా వీడియోలల్ల ఈ తప్పు లేదు. రేపు ఇంకో పిల్ల ఇంకోటి చేస్తది, అదీ ఉండదు. ఆ పిల్లను అడిగెటానికి ఆడ ఒక మనిషి ఉండాలె. నేను రిటైర్ అయితున్న. వీడియోలు తీసేయమంటలేను. నా జాగల ఒక టీచర్‌ను ఇయ్యుండ్రి. అది అడుగుతందుకే వచ్చిన."

అంతే మాట్లాడింది. ఇచ్చిన సమయంలో సగం మిగిలింది.

వేదిక మీద ఉన్న అధికారి మర్యాదస్తుడు. ఆయన మాటలు నా నోట్సులో ఉన్నాయి. "మేడం గారు చాలా విలువైన పాయింటు చెప్పారు. ఈ తప్పు మీద కూడా ఒక వీడియో చేయించుకుందాం. టీచర్లందరూ ఇలాంటి తప్పులు పంపిస్తే సాఫ్ట్‌వేర్‌లో పెట్టించేద్దాం. అప్పుడు ఏ పిల్లా మిగిలిపోదు." ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. శాలువా కప్పారు, షీల్డు ఇచ్చారు. తర్వాత వక్తను పిలిచారు.

భోజనాల దగ్గర ఆమె పళ్లెం పట్టుకుని ఒక పక్కన నిలబడి ఉంది. శాలువా సంచిలో కుక్కేసింది.

"నేను టీచర్‌ను అడిగిన. వాళ్లు నన్నే ఇంకో వీడియో అడిగిన్రు," అంది. "పెరుగన్నం బాగున్నది, తిను."

ఆమె అడిగినది మొత్తం వార్తలో రాసి పంపాను. మర్నాడు పేపర్లో శాలువా ఫొటో, దాని కింద రెండు లైన్లు వచ్చాయి. ఆ పేజీ మా తలుపు సందులోకి రాలేదు. షీల్డును తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. వాళ్లు అడిగిన వీడియో మాత్రం చేసి పంపింది. "పిల్లలకు పనికొస్తది కద, నా అలక వాళ్లకెందుకు," అంది.

రిటైరయ్యాక పోస్టు భర్తీ కాలేదు. కొన్నాళ్లు తనే రోజూ బడికి వెళ్లి పాఠం చెప్పింది. అప్పుడు హెడ్మాస్టరమ్మ ఒక మాట చెప్పిందట. "మీరొచ్చి చెప్తుంటే మనకు టీచర్ లేరని ఎవరు నమ్ముతరు మేడం?" అని. ఆ మాటలో కోపం లేదు. ఉన్న సంగతే చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి మా ఇంట్లో టీ తాగుతూ ఇదే లెక్క వేసింది. వెళ్తే ఖాళీ కనబడదు. వెళ్లకపోతే పిల్లలకు పాఠం ఉండదు. ఖాళీ కనబడాలని వెళ్లడం మానేసింది. క్లాసు వేళకు చీర కట్టుకుని తయారై, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చునేది.

ఆమె అనుకున్నట్టు ఖాళీ కనబడలేదు. లెక్కల పీరియడ్‌లో డిజిటల్ బోర్డు వేస్తున్నారు కాబట్టి, పాఠం జరిగినట్టే పైఅధికారులకు లెక్క వెళ్తోంది. అర్జీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. నేనూ తోడు వెళ్లాను. అక్కడి ఉద్యోగి అర్జీ చదివి, నిజంగానే అర్థం కానట్టు ఆమెను చూశాడు.

"మేడం, ఆడ నడుస్తున్నది మీ పాఠమే కద? మీకంటే మంచిగ చెప్పేటోళ్లు ఎవరున్నరని ఇంకొకళ్లను అడుగుతున్నరు?"

ఆమె అర్జీని బల్ల మీదే వదిలి లేచింది. బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు, "మెచ్చుకున్నడు తమ్మీ. తిట్టినా బాగుండు, కొట్లాడుతుంటి," అంది. ఆ తర్వాత ఆమె ఇంకో అర్జీ రాయడం నేను చూడలేదు. నడకకు రావడం తగ్గింది. ఆయాసం అనేది. డాక్టరు కూడా అదే అన్నాడు.

సమాధి దగ్గరికి పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. పాస్టరు ప్రార్థన చేశాడు. బావగారు మట్టి వేసి, చేతులు దులుపుకోకుండా అలాగే నిలబడ్డాడు.

మర్నాడు బడికి వెళ్లాను. ప్రార్థన సమయంలో పిల్లల చేత మౌనం పాటింపజేశారు. తర్వాత హెడ్మాస్టరమ్మ నన్ను వరండాలోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఇప్పుడు లెక్కల పీరియడ్ సార్. ఇయాల వద్దనుకున్న. కాని ఇంకెవరున్నరు చెప్పుండ్రి?"

బోర్డు వేశారు. ఆమె తెర మీదికి వచ్చింది. బీరువా తలుపు ముందు నిలబడి లెక్క రాసింది. కింద ఒక తప్పు జవాబు రాసింది. "ఇది ఎట్ల వచ్చింది?" అని అడిగి, కాసేపు ఆగి, దాని మీద అడ్డంగా గీత గీసి, సరైన జవాబు రాసింది. ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్లలు బుద్ధిగా, తలలు వంచుకుని రాసుకుంటున్నారు. నా పక్క బెంచీలో ఉన్న అమ్మాయిని మెల్లగా అడిగాను, నీకు ఏ జవాబు వచ్చిందని.

"మాకెందుకొస్తది సార్?" అంది. "టీచరే చేస్తది కద."

లేచి బెంచీల మధ్య నుంచి బయటికి నడిచాను. వరస పొడుగునా నోటుపుస్తకాలు తెరిచి ఉన్నాయి. అన్నిటిలోనూ అదే లెక్క, దాని కింద అదే తప్పు, ఆ తప్పు మీద స్కేలు పెట్టి నీటుగా గీసిన అడ్డగీత.