గిన్నె తిప్పే విద్య

మా నాన్నగారు చేపల పులుసు వండేవారు. అంటే, నూజివీడులో అందరూ అలా అనుకునేవారు. ఎనభైల్లో, సీజన్‌లో మా మామిడితోటకు వచ్చిన వ్యాపారి ఎవరైనా సరే, కాయ బేరం ఎత్తకముందే ఆయన చేతి పులుసు ఎప్పుడని అడిగేవాడు. నాన్న మురిసిపోయి, వచ్చే ఆదివారమే అని మాట ఇచ్చేసేవారు. ఆ మాటను ఆదివారం దాకా మోయవలసింది మాత్రం అమ్మ.

శనివారం సాయంత్రానికే ఇంట్లో పని మొదలయ్యేది. అమ్మ ధనియాలు, మెంతులు వేయించి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో కలిపి రోట్లో నూరేది. కొత్తిమీర బాగుచేయడం నా పని. ఆకు వేరు, కాడలు వేరు. అందరూ పారేసే లేత కాడల్ని అమ్మ మసాలాతో పాటు నూరేది. వాసనంతా కాడలోనే ఉంటుందనేది. ఆకు మాత్రం గిన్నె దించాక వేసి మూత పెట్టాలి, పొయ్యి మీద వేస్తే గడ్డి తిన్నట్టే. ఇంకా గుప్పెడు మెంతికూర, రెండు రెబ్బలు పుదీనా. చింతపండు సగానికి తగ్గించి, ఆ పులుపుకు పచ్చిమామిడి ముక్కలు వేసేది. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి చెడగొట్టుకుని, బాగుచేసుకుని పట్టుకుంది.

ఆదివారం పొద్దున్నే హనుమాన్ జంక్షన్ నుంచి బస్సులో బొచ్చె చేపలు వచ్చేవి. తోట కాపలా అతని భార్య బండ మీద పొలుసు తీసి ముక్కలు కోసి ఇచ్చేది. అమ్మ వాటికి కల్లుప్పు, పసుపు, పుల్లమజ్జిగ పట్టించి, నీచు పోయేదాకా కడిగేది. అప్పుడు, పది దాటాక, స్నానం చేసి, ఉతికిన తువ్వాలు తలకు చుట్టుకుని నాన్న వంటకు వేంచేసేవారు.

తోటలో చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి. ఎదురుగా కుర్చీల్లో వ్యాపారులు. నాన్న వెనక్కి చూడకుండా చెయ్యి చాపేవారు. అమ్మ ఆ చేతిలో నూనె గిన్నె పెట్టేది. మళ్లీ చాపితే మసాలా. మళ్లీ చాపితే చింతపండు పులుసు. ఆపరేషన్ చేసే డాక్టరుకైనా కత్తి కావాలో దూది కావాలో నోటితో చెప్పే పని ఉంటుంది, మా నాన్నకు అదీ లేదు. ఆయన నోరు వేరే పని మీద ఉండేది. ఆడవాళ్ల చెయ్యి పడితే చేపకు నీచు వాసన పోదని అతిథులకు ఉపన్యాసం ఇచ్చేవారు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత పుట్టించినవాడు మా తోటకు వచ్చి చూసే పుట్టించి ఉంటాడు.

ఒక్కటి ఒప్పుకోవాలి. చేపల పులుసులో గరిటె పెడితే ముక్క చితికిపోతుంది. అందుకని గిన్నెను రెండువైపులా గుడ్డలతో పట్టుకుని తిప్పాలి. ఆ తిప్పడం మాత్రం నాన్నకు బాగా వచ్చు. పంచె ఎగ్గట్టి, ఊపిరి బిగబట్టి ఆయన గిన్నె తిప్పుతుంటే వ్యాపారులు మెచ్చుకోలుగా తలలూపేవారు. వంటలో ఆయనకు వచ్చిన విద్య అదొక్కటే.

అమ్మ పైకి ఏమీ అనేది కాదు. కానీ వడ్డించేటప్పుడు ఎవరైనా బాగుందంటే, ఒక్క క్షణం ఆగి నాన్న మొహం కేసి చూసేది. అది మా ఆవిడ చేసిందండీ అన్న మాట కోసం. ఓసారి నా దగ్గర బయటపడింది కూడా.

"పదిమందిలో ఒక్కసారి అంటే ఆయన సొమ్మేం పోతుందే?"

ఆ ఒక్కసారి ఏ ఆదివారమూ రాలేదు.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పటి వేసవిలో హైదరాబాద్ నుంచి ఒక పెద్ద వ్యాపారి భార్యను కూడా తీసుకుని వచ్చాడు. ఆవిడ రెండుసార్లు పులుసు వేయించుకుంది. తిన్నాక చెయ్యి కడుక్కుని వచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీసింది. అన్నయ్యగారూ, ఎలా చేశారో చెప్పండి, రాసుకుంటాను అంది.

ఇంకా తింటున్నవాళ్లకు వడ్డిస్తున్న అమ్మ ఆగిపోయింది. ఇంతకంటే మంచి అదను దొరకదు. మా ఆవిడను అడగండి అంటే సరిపోతుంది.

నాన్న గొంతు సవరించుకున్నారు. ముందు నూనె కాగనివ్వాలన్నారు. అది నిజమే. కాగిన నూనెలో కొత్తిమీర అంతా వేసి ఎర్రగా వేయించాలన్నారు. ఆవిడ పెన్ను ఆగింది. కొత్తిమీరనా, ఎర్రగానా అని అడిగింది. కాపలా అతని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నావైపు తిరిగారు.

"అమ్మాయ్, నేను కొత్తిమీర ఎలా వేస్తానో అత్తయ్యగారికి చెప్పమ్మా."

నాకు జాలేసింది. అందరి ముందూ ఆయన పరువు పోతుందనిపించింది. చదువుకున్నదాన్ని కదా, పాఠం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశాను. నాన్నగారు కాడలు మసాలాలో నూరేస్తారండీ, ఆకు దించాక వేసి మూత పెడతారండీ అన్నాను. మెంతికూర, పుదీనా, మామిడి ముక్కలు, ఏదీ దాచలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అమ్మ విద్యంతా నాన్న పేరు మీద ధారపోశాను. ఆవిడ అంతా రాసుకుని, పైన నాన్న పేరు రాసి కింద గీత గీసింది. అమ్మ పక్క విస్తరి దగ్గరికి వెళ్లి వడ్డించింది.

సాయంత్రం అతిథులు వెళ్లాక అమ్మ బోరింగు దగ్గర గిన్నెలు తోముతుంటే, పక్కన కూర్చుని నాన్నను వెక్కిరించాను. ఆయన గొంతుతో, ఎర్రగా వేయించిన కొత్తిమీర గురించి ఉపన్యాసం ఇచ్చాను. నవ్వుతుందనుకున్నాను. అమ్మ తల ఎత్తలేదు.

"ఆయనకి రాదు కాబట్టి నోటికొచ్చింది చెప్పారు. నీకు తెలుసు కదే. 'మా అమ్మ వండింది' అని నువ్వెందుకు చెప్పలేదు?"

నాన్న పరువు పోతుందని, అని నసిగాను.

"నాకంటూ ఒకటి ఉంటే కదా, పోవడానికి" అంది, గిన్నె తొలుస్తూ.